మొక్కజొన్న విత్తనానికి బెట్టలోనే పరీక్ష పెట్టాలి

పోయినేడు పొదిలి దగ్గర ఒక రైతు మొక్కజొన్న కండె ఒలిచి నా చేతిలో పెట్టాడు. అడుగున నాలుగు వేళ్ల మేర గింజ బాగానే పట్టింది. ఆ పైనంతా బోడి. "పూత మీద ఉన్నప్పుడు ఇరవై రోజులు చినుకు లేదు సార్" అన్నాడు. విత్తనాల షాపులో చెప్పిన దిగుబడిలో సగం కూడా రాలేదట.

ఆ బోడి కొసకు కారణం మొక్కలోనే ఉంది. ముందు మొక్క కొసన ఉండే మగపూత, అంటే జల్లు, విచ్చి పుప్పొడి రాలుతుంది, రెండు మూడు రోజులకు కండెకు పీచు వస్తుంది. ఒక్కో పీచుకు ఒక్కో గింజ. బెట్ట తగిలితే జల్లు ఆగదు, పీచు ఆలస్యమవుతుంది. అది బయటికొచ్చేసరికి చేలో పుప్పొడి అయిపోతుంది. తర్వాత ఎంత వాన కురిసినా ఆ గింజ ఇక పట్టదు.

మొక్కజొన్న, గోధుమల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ, మెక్సికోలోని సిమిట్ పరిశోధన కేంద్రం, 1970ల నుంచే దీని మీద పనిచేసింది. వానల్లేని కాలంలో పంట వేసి, పూతకొచ్చే ముందు తడులు ఆపేసి, జల్లుకూ పీచుకూ ఎడం తక్కువున్న మొక్కల్నే ఏరుకుంటూ పోయింది. ఆఫ్రికా దక్షిణాది దేశాల్లో మరో అడుగు వేసింది. ఊరి మధ్య 'తల్లి మడి'లో రకాలన్నీ వేస్తారు. వాటిలో కొన్నింటిని 'పిల్ల మడులు'గా రైతులే తమ చేలల్లో, తమ పద్ధతిలో పండించి తేలుస్తారు. అక్కడ వ్యాప్తిలోకి వచ్చిన జెడ్‌ఎం 521 అనే మొక్కజొన్న రకం హైబ్రిడ్ కాదు. గింజ దాచుకుని మళ్లీ విత్తుకోవచ్చు.

గింజ దాచుకోవడం విలువ ప్రకాశం రైతుకు శనగలో బాగా తెలుసు. 1999లో విడుదలైన జేజీ-11 సుమారు వంద రోజుల్లో కోతకొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది, పైగా సొంత విత్తనం. హైబ్రిడ్ మొక్కజొన్నకు ఆ వీలు లేదు. దాచిన గింజ వేస్తే దిగుబడి పడిపోతుంది, ఏటా కొనాల్సిందే. బోరులో నీళ్లున్నచోట హైబ్రిడ్ వేయడమే మంచిదని నేనూ చెబుతాను. వానను నమ్ముకున్నచోట మాత్రం ఆ విత్తనం ఖర్చే ఒక టెన్షన్.

సిమిట్ ఆసియా విభాగం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోనే ఉంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు లాంలో ఉంది. ఇద్దరూ కలిసి కనిగిరి, పొదిలి ఎర్రనేలల్లో, వర్షాధారంగా, రైతు వేసే ఎరువుతోనే పిల్ల మడులు వేయించాలి. గెలిచిన రకం సంచి మీద మంచి ఏడాది దిగుబడి పక్కనే బెట్ట ఏడాది దిగుబడీ అచ్చు వేయాలి. అప్పు తెచ్చి సేద్యం చేసే కౌలు రైతు ముందు చూసుకోవాల్సింది ఆ రెండో అంకెనే.