ముక్క ఇక్కడ, పరీక్ష ఎక్కడో

శ్రీకాకుళం తీరంలో నడివయసు దాటిన ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం మనకు కొత్త సంగతేమీ కాదు. పెదవులు బిగించి, రెండు చేతులా నాట్లు వేస్తూనో చేపలు ఏరుతూనో తాగుతారు. గాలికి ఆరిపోదు, నుసి పని మీద రాలదు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటు. ఈ అడ్డపొగ సెగంతా తగిలేది అంగిలికే. దేశంలో మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలో, నాలుక మీదో వస్తే, అడ్డపొగ తాగేవాళ్లకు అంగిలి మీద వస్తోంది.

ఈ సంగతి శాస్త్రవేత్తలకు తెలియక కాదు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా బృందం ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రకటించింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టనే లేదు. ఆ తర్వాత అదే సంస్థ పరిశోధకులు ఊళ్లలో పొగాకు మాన్పించేందుకు ప్రచారం చేసి, ఏళ్ల తరబడి ఫలితం గమనించారు. క్యాన్సర్‌గా మారే ముప్పున్న తెల్లమచ్చలు నోట్లో కొత్తగా రావడం తగ్గిందని 1986లో తేల్చారు. అంటే మన జిల్లా ప్రపంచ వైద్య పరిశోధనకు ఎప్పుడో పాఠం అందించింది. తిరిగి మనకు దక్కిందేమిటన్నదే మా ప్రశ్న.

ఈలోగా శాస్త్రం చాలా దూరం వెళ్లింది. ఒంట్లో ఏ కణమూ తనంతట తాను పెరగదు, బయటి నుంచి కబురు రావాలి. కణం పైపొర మీద ఉండే ఈజీఎఫ్ఆర్ లాంటి గ్రాహకాలు ఆ కబురు అందుకుని లోపలి ప్రొటీన్లకు చేరవేస్తాయి. వాటిలో రాస్ అనే ప్రొటీన్ పని స్విచ్ లాంటిది. జీటీపీ అనే అణువు అతుక్కుంటే ఆన్, అది జీడీపీ అనే మరో అణువుగా మారితే ఆఫ్. రాస్ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, పొలంలో మోటారు స్టార్టర్ ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్టు, ఎవరూ చెప్పకుండానే కణం చీలుతూ పోతుంది. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో ఈ ఒక్క అక్షరం మార్పును 1982లో పట్టుకున్న బృందాల్లో ఒకదాని పరిశోధన పత్రంలో మొదటి పేరు మన తెలుగువాడు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసో!

ఇదంతా పుస్తకాల్లో ఉండిపోయే విజ్ఞానం కాదు. ఒక రకం రక్త క్యాన్సర్‌లో ఇరుక్కుపోయిన సంకేతాన్ని ఆపే ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ మాత్ర మీద పేటెంట్ ఇవ్వడానికి 2013లో మన సుప్రీంకోర్టు నిరాకరించింది. అందుకే చవకైన జెనెరిక్ మాత్రలు ఇక్కడ నిలిచాయి. మరో వైపు చూడండి. పెద్దపేగు క్యాన్సర్‌లో రాస్ మారి ఉంటే ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే ఖరీదైన సెటుక్సిమాబ్ అనే మందు పని చేయదు. పరీక్ష చేయకుండా ఇస్తే పొలం అమ్మిన డబ్బు నీళ్లపాలే. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే మందు.

నమిలే పొగాకుతో వచ్చే నోటి క్యాన్సర్లలో హెచ్-రాస్ (రాస్‌లో ఒక రకం) మార్పులు మన దేశంలో ఎక్కువగా కనిపించాయని 1991లోనే ఒక పరిశోధన చెప్పింది. మరి నిప్పు సెగతో కందిన అంగిలిలో ఏ సంకేతం చెడుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో. రోగులు ఇక్కడే ఉన్నారు, ముక్క పరీక్షకు (బయాప్సీకి) తీసే నమూనాలూ ఇక్కడివే.

ఇవాళ ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక ముసలమ్మ నోట్లో పుండుతో బయల్దేరితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి 200 కిలోమీటర్లకు పైనే. ముక్క ఒకచోట తీస్తారు, ఆ ముక్కను మైనంలో బిగించిన బ్లాకులు వేరొకచోటికి మోసుకెళ్లాలి, రిపోర్టు కోసం మళ్లీ బస్సెక్కాలి. చదువురాని కొడుకు ఆ ప్లాస్టిక్ సంచి పట్టుకుని కౌంటర్ కౌంటర్‌కూ తిరుగుతుంటే వ్యాధి ఆగుతుందా?

ప్రభుత్వం కష్టపడి కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఆశా కార్యకర్త చేతికి ఒక టార్చి ఇచ్చి, అంగిలి చూడడం నేర్పాలి. తేడా కనిపిస్తే మండలం దాటకుండానే ముక్క తీసే ఏర్పాటుండాలి. రెండు వైద్య కళాశాలల్లో ఒకదానిలోనైనా జన్యు పరీక్షల ల్యాబ్ పెట్టి, ఆ ఖర్చు పేదలపై పడకుండా ఆరోగ్య పథకంలో చేర్చాలి. నమూనాలను రోగి అనుమతితో భద్రపరిచి పరిశోధక విద్యార్థులకు అందించాలి. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఎంత కేటాయిస్తారో జిల్లా ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించాలి.