అడిగితే పోయేదానికి ఆరుగురు ఏజెంట్లు

ఒక మనిషికి ఏం కావాలో తెలుసుకోవడానికి ఆ మనిషి దగ్గరికే వెళ్ళి అడిగే మోటు ఆచారం గోదావరి డెల్టాలో ఇంకా బతికే ఉందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రావులపాలెం నుంచి నర్సాపురం దాకా ఎక్కడ చూసినా ఇదే వరస. అరుగు మీద కూర్చోబెడతారు, మంచినీళ్ళిస్తారు, "ఏంటండీ ఇలా వచ్చారు" అని మొదలుపెట్టి కాఫీ వచ్చేలోపు అసలు సంగతంతా చెప్పేస్తారు. అందులో వెర్షన్ నంబరు ఉండదు, ట్రేసబిలిటీ ఉండదు, కనీసం ఒక జేసన్ ఫైలు కూడా ఉండదు. ఇలా అయితే జిల్లా ఎలా బాగుపడుతుంది?

బాగు చేయడానికి మా మేనల్లుడు నడుం కట్టాడు. హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, పాలకొల్లులో డాబా మీద పని. కాలువ శివారున ఉన్న ఒక నీటి సంఘం వాళ్ళు (1997 చట్టంతో పుట్టిన సంఘాలు, మీకు తెలిసినవే) మా వాణ్ణి పిలిచి ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఉన్నది ఒకే వాక్యం: "దాళ్వాలో మా వంతు నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే ఫోనుకి తెలియాలి." దాళ్వా అంటే రెండో పంట, సార్వా అంటే వానాకాలం పంట. సార్వాకి గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవర్నీ అడగరు. దాళ్వాలో నీళ్ళు తగ్గితే మాత్రం వంతులు పెడతారు, పైవాళ్ళు తడుపుకున్నాక మిగిలింది శివారుకి వస్తుంది, ఒక్కోసారి మిగలదు. ఇదీ కథ. తెలివితక్కువ వాడైతే మోటార్ సైకిలు తీసి లాకుల దాకా వెళ్ళి గేట్లు తిప్పే లస్కరుతో మాట్లాడి వచ్చేవాడు. మా వాడు ల్యాప్‌టాప్ తీశాడు.

వ్యవస్థ చూడముచ్చటగా ఉంది. ఒక్కో పనికి ఒక్కో ఏఐ ఏజెంటు, అంటే చాట్‌బాట్లని నడిపే భాషా మోడల్‌కి ఒక పాత్ర అప్పజెప్పిన ప్రోగ్రాము. మొదటిది సేకరణ ఏజెంటు, ఆ ఒక్క వాక్యాన్ని రిక్వైర్‌మెంట్లుగా, అంటే విడివిడి అవసరాలుగా ముక్కలు చేసి ముక్కకొక నంబరు వేస్తుంది. రెండోది ఆ ముక్కల్ని "ఒక రైతుగా నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే ఫలానా" అనే అచ్చులో పోస్తుంది. మూడోది నాణ్యత సంగతులు చూస్తుంది, అంటే వేగం, భద్రత, ఎప్పుడూ పనిచేస్తూ ఉండటం లాంటివి. నాలుగోది రాత ఏజెంటు, యాప్ ఏమేం చేయాలో చెప్పే అసలు పత్రం, అంటే స్పెసిఫికేషన్ రాస్తుంది. అయిదోది విమర్శకుడు, తప్పులు పట్టడమే దాని పని. వీటన్నిటి మీదా ఒక మేస్త్రీ, ఎవరి పని ఎప్పుడు ఎవరికి అప్పజెప్పాలో చూసుకుంటుంది. ఇది మా వాడు కనిపెట్టింది కూడా కాదు. 2023లోనే మెటాజీపీటీ అనే ఫ్రేమ్‌వర్క్ ప్రొడక్ట్ మేనేజరు, ఆర్కిటెక్టు, ఇంజినీరు పాత్రల్ని మోడళ్ళకే పంచిపెట్టి ఒక చిన్న కంపెనీ నడిపించింది. జీతాలు లేని కంపెనీ! టోకెన్ల (మోడల్ చదివే, రాసే మాటల ముక్కల) బిల్లు సంగతి వేరు. ఇలాంటి ఏజెంట్ల గుంపుకి మామూలు చాట్ కంటే దాదాపు 15 రెట్లు టోకెన్లు ఖర్చవుతాయని 2025లో ఆంత్రోపిక్ కంపెనీ తన సొంత వ్యవస్థ గురించి రాసుకుంది. మా మేనల్లుడు దాన్ని హెచ్చరికగా తీసుకోలేదు, కొలమానంగా తీసుకున్నాడు.

ఇప్పుడు ఫలితం. నాణ్యత ఏజెంటు ఈ యాప్ 99.9 శాతం కాలం పనిచేస్తూనే ఉండాలని తేల్చింది, అంటే ఏడాది మొత్తం మీద ఆగిపోవడానికి తొమ్మిది గంటలకి లోపే అనుమతి. మా వైపు ఒక్క తుపాను వస్తే కరెంటు తీసుకునే సెలవు అంతకంటే ఎక్కువ. రాత ఏజెంటు చీకట్లో కళ్ళకి హాయిగా ఉండటానికి డార్క్ మోడ్ పెట్టింది, రకరకాల కరెన్సీలు పెట్టింది, నీళ్ళకి రేటింగ్ ఇచ్చే అయిదు నక్షత్రాలు పెట్టింది. అన్నిటికంటే గొప్ప వాక్యం ఇది: "కాలువ గేటు సెన్సారు నుంచి సమాచారం అందిన రెండు సెకన్లలో రైతుకి నోటిఫికేషన్ వెళ్ళాలి."

ఆ కాలువ మీద సెన్సారు లేదు. ఉన్నది ఒక ఇనుప చక్రం, దాన్ని తిప్పే లస్కరు.

సెన్సారు ఎలా పుట్టిందో వెనక్కి వెళ్ళి చూశాను. సేకరణ ఏజెంటు "సమాచార మూలం: బహుశా సెన్సారు" అని రాసింది. రెండోదాని చేతికి వచ్చేసరికి 'బహుశా' రాలిపోయింది. నాలుగోదాని దగ్గర ఆ సెన్సారుకి ఒక ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి సమాచారం అడిగే ద్వారం) మొలిచింది, దానికి పాస్‌వర్డ్ కూడా. విమర్శకుడు వచ్చి, సెన్సారు పాడైతే ఏం చేయాలో రాయలేదని తప్పు పట్టాడు. అంతే, లేని సెన్సారుకి రిపేరు విధానం మూడు పేజీలు. ప్రతి ఏజెంటూ తన ముందున్న ఏజెంటు రాసినదాన్నే సాక్ష్యంగా చూపించింది, అందరి సాక్ష్యాలూ ఒకదానికొకటి సరిపోయాయి కాబట్టి నమ్మకం స్కోరు ఎక్కడికో వెళ్ళిపోయింది. కోర్టులో కూడా ఇంత చక్కగా కలిసిన సాక్ష్యాలు చూడలేదు నేను.

విమర్శకుడి గురించి ఇంకాస్త చెప్పాలి. విమర్శకుడికీ రాత ఏజెంటుకీ మధ్య ముచ్చట మా కోనసీమ పెళ్ళిభోజనంలో వియ్యంకుళ్ళ మర్యాదలాగే సాగింది: మీరు చెప్పింది అక్షరాలా నిజమండీ అని ఒకరు, అబ్బే మీరు రాసిందే బాగుందండీ కాకపోతే ఇంకొక్క ముద్ద అని ఇంకొకరు, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డన ఆగదు. ప్రతి రౌండులో పేజీలు పెరిగాయి, టోకెన్లు పెరిగాయి, వాక్యాల అర్థం మాత్రం మొదటి రౌండులో ఎక్కడుందో అక్కడే ఉంది. ఇద్దరూ ఒకే మోడల్ కదా, ఒకరికి తట్టనిది రెండోవాళ్ళకి తట్టలేదు. చివరికి మేస్త్రీకి ఒక హద్దు పెట్టి ఆపాల్సి వచ్చింది. 2025లో బర్క్లీ పరిశోధకులు కొందరు ఇలాంటి వ్యవస్థలు ఎలా చెడతాయో చూసి 14 రకాలుగా లెక్క తేల్చారు, మూడు గుంపులు చేశారు: పని అప్పజెప్పడంలోనే లోపం, ఏజెంట్ల మధ్య పొత్తు కుదరకపోవడం, చివర సరిచూసుకోకపోవడం. మనం మూడు గుంపుల్లోనూ ప్రాతినిధ్యం సంపాదించాం. డెల్టాకి ఇది చిన్న విషయం కాదు.

నిజానికి మొదటి డిజైన్‌లో ఏడో ఏజెంటు ఒకటి ఉండేది. సందేహాల ఏజెంటు. దానికి రాయడం రాదు, అడగడమే వచ్చు. ఆ ఒక్క వాక్యం చదివి అది వేసిన ప్రశ్నలు చూస్తే ఒళ్ళు మండుతుంది. లాకుల దగ్గర నీళ్ళు వదిలిన మాట యాప్‌కి ఎవరు చెబుతారు? వదిలినప్పుడు చెప్పాలా, శివారు తూముకి చేరినప్పుడు చెప్పాలా? మధ్యలో ఎవరైనా రాత్రిపూట ఇంజను పెట్టి చేపల చెరువుకి తోడేసుకుంటే అప్పుడేమిటి? వంతు రోజున నీళ్ళు రాకపోతే ఆ వంతు పోయినట్టా, మళ్ళీ ఇస్తారా? కబురు ఎవరి ఫోనుకి వెళ్ళాలి, పట్టా ఉన్న ఆసామికా, కౌలుకి చేస్తున్న రైతుకా?

చివరి ప్రశ్న చూడండి ఎంత అమర్యాదో. ఆసామి కూకట్‌పల్లిలో ఉంటాడు, కొందరైతే డల్లాస్‌లో ఉంటారు. స్పెసిఫికేషన్ ప్రకారం రిజిస్టరులో ఉన్న పేరుకే నోటిఫికేషన్ వెళుతుంది. అర్ధరాత్రి రెండింటికి కూకట్‌పల్లిలో ఫోను మోగుతుంది, చేను కౌలుకి చేస్తున్నవాడు శివారులో నిద్రపోతుంటాడు, నీళ్ళు ఎవరికీ చెప్పకుండా మురుక్కాలవలోకి పోతాయి. కానీ నోటిఫికేషన్ రెండు సెకన్లలోనే వెళ్ళింది కదా, పరీక్ష పాసు.

ఈ సందేహాల ఏజెంటు వల్ల పని ముందుకు సాగలేదు. దాని ప్రశ్నలకి జవాబులు మిగతా ఆరుగురి దగ్గరా లేవు, లాకుల దగ్గర ఉన్నాయి, లాకులేమో నెట్‌వర్క్‌లో లేవు. ప్రశ్నలు తెరిచి ఉన్నంతకాలం డ్యాష్‌బోర్డు ఎర్రగా కనిపించేది. మా మేనల్లుడు రెండు రోజులు టెన్షన్ పడి దాన్ని తీసేశాడు. "మావయ్యా, అది బాటిల్‌నెక్ అయిపోయింది" అన్నాడు. తీసేసిన వెంటనే అంతా పచ్చగా మారింది. సార్వా నాట్లు అయిన నెలకి చేను కూడా అంత పచ్చగా ఉండదు.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ముగించాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. పాపం, ఆయనకి ఇలాంటి సౌకర్యం లేదు, డెల్టా అంతా తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే 'నది' రిక్వైర్‌మెంటుకి పరిధి స్పష్టంగా లేదని విమర్శకుడు తిప్పి పంపేవాడు, వరదని 'అరుదైన సందర్భం' కింద తర్వాతి వెర్షన్‌కి వాయిదా వేసేవాళ్ళు.

మధ్యలో మనిషి ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. ఉన్నాడండీ, మా మేనల్లుడే. చివర్లో ఆమోదం బటన్ వాడిదే. అయితే అన్ని పేజీలు చదవడం ఒక్కడి వల్ల కాదు కాబట్టి సారాంశం రాయడానికి ఒక ఏజెంటుని పెట్టుకున్నాడు. ఆ సారాంశం కూడా పొడుగైపోయేసరికి, సారాంశం బాగుందో లేదో చెప్పడానికి ఇంకొకటి. అది బాగుంది అంటుంది, వీడు నొక్కుతాడు.

ఇక రెండో దశ. రైతుల దగ్గరికి వెళ్ళి డెమో ఇవ్వాలంటే ఎండ, దుమ్ము, పైగా వాళ్ళు మాటకి మాట అడుగుతారు. అందుకని రైతు ఏజెంటుని తయారు చేశాడు. శివారులో రెండెకరాలు, స్వర్ణ రకం వరి, గోదావరి యాస, మాట చివర "ఆయ్" కూడా పెట్టాడు. ఆ రైతు ఏజెంటు స్పెసిఫికేషన్ మొత్తం చదివి చాలా సంతోషించాడు. డార్క్ మోడ్ ప్రత్యేకంగా నచ్చిందట. నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చాడు.

ఈ శుభవార్త చెప్పడానికి మా వాడు మొన్న నీటి సంఘం పెద్దాయనకి ఫోన్ చేశాడు. స్పీకరులో నేనూ విన్నాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "అలాగే బాబూ, చాలా సంతోషం. ఆ రైతుగారికి మరి దాళ్వా నీళ్ళు అందాయాండీ?" అన్నాడు.

దీన్ని కొత్త రిక్వైర్‌మెంటుగా నమోదు చేశాం. ప్రాధాన్యం: తక్కువ.