నొప్పి లేకుండా పళ్ళ డాక్టరా? హవ్వ!

ఈమధ్య మనవాళ్ళలో ఒక ప్రమాదకరమైన అలవాటు మొదలైంది. నొప్పి లేదు, వాపు లేదు, పన్ను విరగలేదు, అయినా అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వెళ్ళి పళ్ళు క్లీనింగ్ చేయించుకుని వస్తున్నారు, పైగా సిగ్గు లేకుండా ఆ సంగతి ఆఫీసులో అందరికీ చెప్తున్నారు.

మన పద్ధతేంటి అసలు? పన్ను జివ్వుమంటే లవంగం పెట్టాలి. తగ్గకపోతే మెడికల్ షాపతన్ని అడిగి ఓ మాత్ర వేసుకోవాలి. దవడ బూరెలా ఉబ్బి, రాత్రంతా మనం పడుకోక ఇంట్లోవాళ్ళనీ పడుకోనివ్వక, అప్పుడు, అదీ క్లినిక్కులన్నీ మూసేసే ఆదివారం చూసుకుని డాక్టర్ కోసం ఊరంతా తిరగాలి. రూట్ కెనాల్ అనగానే "దోచేస్తున్నారండీ" అనాలి. ఇంత చక్కటి ఏర్పాటుండగా ఆర్నెల్లకోసారి చెకప్ ఎందుకండీ?

అమెరికాలో ఉన్నవాళ్ళ సంగతి మరీ ఘోరం. అక్కడ ఈ క్లీనింగ్ పనికి డెంటల్ హైజీనిస్ట్ అని ప్రత్యేకంగా ఒక మనిషే ఉంటారు. 1906లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్టు తన అసిస్టెంట్ ఐరీన్ న్యూమన్‌కి పళ్ళు శుభ్రం చెయ్యడం నేర్పాడు, రోగం రాకముందే ఆపుదామని. రోగాలు ఆగిపోతే డాక్టర్ బతికేదెలాగన్న ఆలోచన కూడా లేదు మహానుభావుడికి, 1913లో ఏకంగా స్కూలే పెట్టేశాడు. దాని ఫలితం ఇప్పుడు డాలస్‌లో మనవాళ్ళు అనుభవిస్తున్నారు. ఆ హైజీనిస్టమ్మ చిగురు సందులో సన్నటి పుల్లలాంటిది పెట్టి "మూడు, రెండు, మూడు, ఐదు" అని చదువుతూ ఉంటుంది. అవి మిల్లీమీటర్లు, చిగురుకీ పన్నుకీ మధ్య లోతు, మూడు దాకా పర్లేదు, ఆపైన కంగారు పడాలి. కానీ చిన్నప్పట్నుంచీ మార్కులు ఎక్కువొస్తే మురిసిపోయే జాతి కదా మనది, ఐదు అనగానే లోపల ఓ మూల గర్వంగానే ఉంటుంది. తర్వాత "ఫ్లాస్ చేస్తున్నారా?" అంటుంది, అంటే పళ్ళ సందుల్లో దారం పెట్టి శుభ్రం చేస్తున్నారా అని. రోజూ చేస్తున్నానండీ అని మనం చెప్తుంటే చిగుళ్ళు రక్తం కార్చి ఎదురు సాక్ష్యం చెప్తాయి.

ఇన్సూరెన్స్ ఉంటే చాలా ప్లాన్లలో ఏడాదికి రెండు క్లీనింగులు పైసా ఖర్చు లేకుండా అయిపోతాయి. మనవాళ్ళు వాటిని వదిలేసి, తర్వాత పాడైన పన్నుకి తొడిగే క్రౌన్ రేటు విని అదిరిపోయి, డిసెంబర్ సెలవులకి హైదరాబాద్ వచ్చి పెళ్ళి షాపింగ్‌కీ తిరుపతి దర్శనానికీ మధ్యలో రూట్ కెనాల్ పెట్టుకుంటారు. దేశభక్తి అంటే అదీ.

ఇక్కడ మనకి ఆ బాధ లేదు. 1948 డెంటిస్ట్స్ యాక్ట్‌లోనే హైజీనిస్టుల ప్రస్తావన వచ్చింది, వాళ్ళకో రిజిస్టర్ కూడా పెట్టమంది, కానీ మీ వీధి చివర క్లినిక్‌లో ఎప్పుడైనా చూశారా? మామూలుగా బీడీఎస్ చదివిన డాక్టరమ్మే కూర్చుని మన గార గీకాలి.

అసలు గార ఊరికే వస్తుందా? పాచి మీద ఉమ్ములోని ఖనిజాలు చేరి గట్టిపడి, బ్రష్షుకి లొంగని స్థాయికి రావాలి. అలా ఏళ్ళ తరబడి కూడబెట్టినదాన్ని ఆ అల్ట్రాసోనిక్ మిషన్ నీళ్ళు చిమ్ముకుంటూ ఒక్క పూటలో ఊడ్చేస్తుంది, దాన్నే స్కేలింగ్ అంటారు. "స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదుల్తాయిరా" అని మా పెదనాన్న మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. దీనికి డాక్టర్లు చెప్పే సమాధానం వినండి. చిగుళ్ళ జబ్బుతో లోపల ఎముక ఎప్పుడో కరిగిపోయిందట, చాలాకాలం నొప్పి తెలియదట, ఆ ఖాళీలో గార కూర్చుని వదులైన పన్నుని పట్టుకుని ఉందట, అది తీసేసరికి అసలు సంగతి బయటపడిందట. చూశారా, వాళ్ళ నోటితోనే ఒప్పుకున్నారు, ఇన్నాళ్ళూ పన్నుని మోసింది గారే అని! అంత నమ్మకస్తుణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తారా ఎవరైనా? ఇక నొప్పే పెట్టని జబ్బుని జబ్బెలా అంటారో వాళ్ళకే తెలియాలి.

పెదనాన్న మాత్రం మాట మీద నిలబడ్డారు, జీవితంలో ఒక్కసారి కూడా గార తీయించలేదు. ఇప్పుడు కట్టుడు పళ్ళు పెట్టుకున్నారు. రోజూ రాత్రి వాటిని తీసి మెత్తటి బ్రష్షుతో మూలమూలలా రుద్ది, గ్లాసు నీళ్ళలో వేసి, మనవలు ముట్టుకోకుండా పైన అలమారలో పెడతారు. "ఎంతయిందో తెలుసా వీటికి?" అంటారు.