దాల్మా మరకా, సంఘపెద్ద గారి సత్క్రియలూ

పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో ప్రేమవిందంటే దాల్మా, అంటే ఒడియావాళ్ల కూరగాయల పప్పు, ఉండి తీరాలి. ఊరు ఒడిశాలో కలిసింది 1936లో. దాల్మా మన వంటింట్లో ఎప్పుడు కలిసిందో ఎవరూ రాసిపెట్టలేదు. అరవై మందికి రెండున్నర కిలోల కందిపప్పు, అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి ముక్కలు, పైన అయిదు దినుసుల పంచఫుటణ తాలింపు. పసుపు ఒడిశాలోని కంధమాల్ జిల్లాది. ఆ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెల్లబట్ట మీద పడితే గుర్తింపు వెంటనే వస్తుంది.

ఇలాంటి విందులో ఒక సంఘపెద్ద గారు. "ముందు పిల్లలు, తరవాత పెద్దలు" అని మైకులో తానే ప్రకటించి, వంటపాక వెనకనుంచి వెళ్లి గరిటె తానే ముంచుకున్నారు. గరిటె జారింది. తెల్లచొక్కా జేబు కింద అరచెయ్యంత పచ్చటి సాక్ష్యం.

అప్పుడు చెయ్యాల్సింది చాలా చిన్న పని. చెంచా అంచుతో పప్పు గీకేసి, బట్ట తిరగేసి, వెనకవైపునుంచి చన్నీళ్లు పొయ్యాలి. రుద్దకూడదు. వేణ్ణీళ్లు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు, వేడికి రంగు నూలులో నాటుకుపోతుంది. కానీ తప్పు చేసినవాడికి ఓపిక ఎక్కడిది? ఆయన కుళాయి దగ్గరకు పరుగెత్తి బట్టల సబ్బు అందుకున్నారు. రుద్దినకొద్దీ మరక ఎర్రబడింది.

"ఓలమ్మా! సబ్బెట్టి రుద్దీసినావేటి బావూ?" అంది వంట దగ్గరున్న ముసలమ్మ.

పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది అందుకే. బట్టల సబ్బూ క్షారమే. యిర్మీయా 2:22లో క్షారం, సబ్బు రెండింటి పేరూ ఉంది: ఎంత కడుక్కున్నా నీ దోషం మరకలాగే కనబడుతోందని. పెద్ద గారికి ఆ వచనం కంఠతా వచ్చు. కుళాయి దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

ఇక సత్క్రియలు మొదలయ్యాయి. కానుక సంచిలో ఇంకో నోటు వేశారు. ఎవరూ అడక్కుండానే గిన్నెలు తోమడానికి కూర్చున్నారు. బూడిద, సోడా కలిపిన నీళ్లు చొక్కా మీద చిందాయి. అంతవరకు కంటికి ఆనని పసుపు తుంపరలు కాలరు మీదా, చేతుల మీదా ఎర్రెర్రగా లేచాయి. ధర్మశాస్త్రం వల్ల పాపమేమిటో తెలుస్తుందని పౌలు రాశాడు కదా (రోమా 3:20). తెలుస్తుంది, అంతే. పోదు.

ఎవరో నిమ్మకాయ పిండారు. ఎరుపు పోయింది, "స్తోత్రం!" అన్నారాయన. పచ్చరంగు తిరిగొచ్చింది, అంతే, మరక కదల్లేదు. ఇంకొకరు బ్లీచింగ్ పౌడర్ పట్టుకొచ్చారు. నిమ్మరసం మీద అది పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది, విందు కాస్తా ఆసుపత్రిలో ముగుస్తుంది. ఆ డబ్బా లాక్కోవడం ఆరోజు జరిగిన అసలైన సత్క్రియ.

పసుపు రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు అద్ది జిడ్డు వదిలించాలి. బాగా జాడించి, తడి బట్టనే మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరెయ్యాలి. వెలుతురుకి కర్క్యుమిన్ విరిగిపోతుంది. మిగిలితే తడిపి మళ్లీ ఎండలోనే. తెల్ల నూలుకే ఈ వైద్యం. రంగుబట్టైతే దాని రంగూ పోతుంది.

ఇందులో మనిషి చెయ్యడానికేమీ లేదు. పెద్ద గారికి అదే మింగుడు పడలేదు. బనీనుతో నిలబడి పది నిమిషాలకోసారి చొక్కా తిప్పుతూ ఎండకు సాయం చేస్తున్నారు. చివరికి పాస్టరు అయ్యగారు వచ్చి ఎఫెసీ 2:8, 9 చదివి వినిపించారు: కృపచేతనే, క్రియలవల్ల కాదు. పెద్ద గారి మొహం వెలిగింది. "అయితే నేను చెయ్యాల్సిందేమీ లేదన్నమాట!" అని నీడలో కుర్చీ వేసుకుని కాళ్లు చాపారు.

"మరి పదో వచనం ఎవులు సదువుతారు?" అంది ముసలమ్మ గిన్నెల గంప ముందు దించుతూ. "సత్క్రియలు సెయ్యడానికే మనల్ని సేసినాడని ఉంది గదేటి. రా బావూ. సొక్కా ఇప్పీసినావు, ఇప్పుడు బాగా తోముతావు."