పాలపుంత రైలును దాని వేగంతోనే నడవనివ్వండి

1985లో జపాన్‌లో విడుదలైన ‘నైట్ ఆన్ ది గెలాక్టిక్ రైల్‌రోడ్’ అనే యానిమేషన్ చిత్రాన్ని ఇటీవల మళ్లీ చూశాను. దాని గురించి తెలుగులో కాస్త వివరంగా రాయాలన్న కోరిక అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. జపాన్ యానిమేషన్‌ను ఇష్టపడే తెలుగు ప్రేక్షకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారిలో ఈ చిత్రం పేరు విన్నవారు తక్కువ. విన్నవారిలోనూ ‘మరీ నెమ్మదిగా సాగుతుందట’ అన్న మాటతో పక్కన పెట్టినవారే నాకు ఎక్కువగా తారసపడుతున్నారు. ఆ నెమ్మదిని లోపాల జాబితాలో చేర్చడం ఈ చిత్రానికి చేసే పెద్ద అన్యాయమని, దాని ప్రాణమంతా అందులోనే ఉన్నదని నా గట్టి అభిప్రాయం. కథ ముగింపును దాచకుండానే ఇక్కడ మాట్లాడుతున్నాను, ఎందుకంటే చివర ఏమి జరుగుతుందో తెలిసి చూసినవారికే ఇందులోని సగం మాటలకు అసలు అర్థం అందుతుంది.

ఈ చిత్రానికి మూలం కెంజి మియజావా రాసిన పిల్లల కథ. ఆయన 1896లో ఈశాన్య జపాన్‌లోని ఇవాతె ప్రాంతంలో, హనమకి పట్టణంలో పుట్టారు. వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పారు, రైతుల మధ్య పని చేశారు, బౌద్ధంలోని సద్ధర్మపుండరీక సూత్రాన్ని జీవితమంతా నమ్ముకున్నారు. 1933లో 37 ఏళ్ల వయసులో మరణించేనాటికి ఆయన పుస్తకాలు రెండే అచ్చయ్యాయి. నేడు జపాన్ పిల్లలందరికీ తెలిసిన ఈ రైలు కథ ఆయన పోయిన మరుసటి సంవత్సరం, 1934లో వెలుగు చూసింది. ఆయనకు ప్రాణసమానమైన చెల్లెలు తోషి 1922 నవంబరులో కన్నుమూసింది. మరుసటి వేసవిలో ఆయన ఉత్తరాన సఖలిన్ దీవి వరకు రైళ్లలో, ఓడలో ఒంటరిగా ప్రయాణించారు. పోయిన మనిషి ఎక్కడికి వెళ్లి ఉంటుందన్న ప్రశ్నతో సాగిన ఆ ప్రయాణంలోనే ఈ కథకు బీజం పడిందని చాలామంది భావిస్తారు. ఆ తరువాత చనిపోయే వరకు దాన్ని తిరగరాస్తూనే ఉన్నారు. దుఃఖాన్ని అంతకాలం మోసిన మనిషి రాసిన కథ తెర మీద పరుగులు తీయాలని కోరుకోవడం ఎంతవరకు సమంజసమో ఆలోచించండి.

కథ పైకి చాలా చిన్నది. జొవాన్నీ అనే పేద పిల్లవాడి తండ్రి ఉత్తర సముద్రాలకు వెళ్లి చాలాకాలంగా తిరిగి రాలేదు, తల్లి మంచం పట్టింది. బడి వదలగానే అతడు ముద్రణాలయానికి వెళ్లి సీసపు అచ్చులు ఏరి, ఆ కూలి డబ్బుతో రొట్టె, చక్కెర బిళ్లలు కొని ఇంటికి వెళతాడు. తోటి పిల్లలు అతని తండ్రి పేరెత్తి ఎగతాళి చేస్తారు, జనెల్లీ అనేవాడు అందరికంటే ముందుంటాడు. ఆ గుంపులో ఉన్నప్పటికీ మాట తూలనివాడు కంపనెల్లా ఒక్కడే. నదిలో దీపాలు వదిలే పండుగనాటి రాత్రి, తల్లికి రావలసిన పాలు రాలేదని పాలశాలకు బయలుదేరిన జొవాన్నీ, అక్కడ పని జరగక, ఊరవతలి కొండ మీద ఒంటరిగా పడుకుంటాడు. కళ్లు తెరిచేసరికి పాలపుంత వెంట పోయే రైలులో ఉంటాడు, ఎదుటి సీటులో కంపనెల్లా కూర్చుని ఉంటాడు.

దర్శకుడు గిసబురో సుగీ రైలు ఎక్కే వరకు గడిచే ఆ తొలి భాగానికి ఎంత సమయం కేటాయించారో గమనించండి. పిల్లవాడు అచ్చులు వెతుకుతూ వంగి ఉన్న తీరు, పెద్దవాళ్లు అతన్ని చూసి చూడనట్టుండే తీరు, వీధిలో అతని అడుగుల చప్పుడు, ఇవన్నీ కథను ముందుకు నెట్టే సంఘటనలు కావు. అయినా ఒంటరితనం ఎంత బరువుగా ఉంటుందో మాటల్లో చెప్పకుండా మన చేత మోయించడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. ఈ భాగాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో నడిపి చూసి ‘ఏమీ జరగలేదు’ అనేవారితో నాకు పేచీ ఉంది. ఆ పిల్లవాడికి రోజంతా ఏమీ జరగకపోవడమే అక్కడ జరుగుతున్న విషయం. పలకరించేవారు లేని ఆ పగలు మనకు అనుభవానికి వస్తేనే, రైలులో ఎదుటి సీటులో స్నేహితుడు కనిపించినప్పుడు అతనికి కలిగిన సంతోషం ఎంతటిదో తెలుస్తుంది, ఆ సీటు తరువాత ఖాళీ అయినప్పుడు కలిగే నష్టమూ తెలుస్తుంది.

పాత్రలన్నీ పిల్లుల రూపంలో ఉండడం చాలామందికి మొదట ఇబ్బంది కలిగిస్తుంది. మియజావా కథలో పిల్లులు లేవు. హిరోషి మసుమురా అనే చిత్రకారుడు ఈ కథను పిల్లుల బొమ్మలతో మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా గీశారు, చిత్రం ఆ రూపాలను తీసుకుంది. జొవాన్నీ నీలి పిల్లి, కంపనెల్లా గులాబీ వన్నె పిల్లి. ఇది ముద్దుగా కనిపించడం కోసం చేసిన పని కాదని చిత్రం చూస్తుంటే స్పష్టంగా తెలుస్తుంది. ఆ ముఖాలలో భావాలు దాదాపు కదలవు. పెద్ద కళ్లు తెరిచి ఉంటాయి, అంతే. ఏడుపు, నవ్వు ముఖం మీద గీసి మనకు అందించే సౌకర్యాన్ని దర్శకుడు కావాలనే వదులుకున్నారు. అందువల్ల ఆ పిల్లవాడి మనసులో ఏముందో మనమే వెతుక్కోవలసి వస్తుంది. ఈ పిల్లుల లోకంలోకి ఒకచోట మాత్రం మనుషుల ముఖాలు ప్రవేశిస్తాయి, ఆ సంగతి తరువాత చెబుతాను.

రైలులో కంపనెల్లా చెప్పే తొలి మాటల్లో ఒకటి, అమ్మ నన్ను క్షమిస్తుందా అన్న ప్రశ్న. నిజంగా మంచిపని చేస్తే అదే అన్నిటికంటే పెద్ద సంతోషం కనుక అమ్మ క్షమిస్తుందనే అనుకుంటున్నానని తనకు తానే సమాధానం చెప్పుకుంటాడు. మొదటిసారి చూసేవారికి ఇది అర్థం కాని మాట. ఆ సమయానికి కంపనెల్లా నదిలో పడిన జనెల్లీని కాపాడి తాను మునిగిపోయాడని తెలిసి చూసేవారికి మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే గొంతు పూడుకుపోతుంది. తన వెంట ఉన్న కంపనెల్లా చనిపోయాడని జొవాన్నీకి తెలియదు, తాను ఎక్కడికి పోతున్నాడో కంపనెల్లాకు తెలుసు, ఇద్దరూ కిటికీ బయట వెలిగే పూలను చూస్తూ మామూలుగా మాట్లాడుకుంటారు. చిత్రం దీన్ని సంగీతంతో ఒత్తి చెప్పదు, కెమెరాను దగ్గరకు తీసుకుపోయి సూచించదు.

దారిలో ఎక్కేవారిలో పక్షులు పట్టే మనిషి నాకు చాలా ఇష్టం. కొంగలను, బాతులను పట్టి, అదిమి, మిఠాయిలా విరిచి పిల్లల చేతిలో పెడతాడు. మాటకారి, అమాయకుడు, కాస్త విసిగిస్తాడు కూడా. జొవాన్నీ జేబులోని పచ్చ కాగితం ఎక్కడికైనా పోగలిగిన టికెట్ అని గుర్తుపట్టి అబ్బురపడేది అతడే. తరువాత ఒక క్షణంలో అతడు సీటులో ఉండడు. అతనితో ఇంకాసేపు ఎందుకు మాట్లాడలేదా అని మూలకథలో జొవాన్నీ బాధపడతాడు. చిన్నప్పుడు మన ఇళ్లకు వచ్చి వెళ్లి, మళ్లీ కనిపించకుండా పోయిన మనుషుల విషయంలో మనకు కలిగే బాధ సరిగ్గా ఇదే. పిల్లల కథల్లో ఇంత సూక్ష్మమైన పశ్చాత్తాపానికి చోటిచ్చినవి నేను చదివినంతలో అరుదు.

మనుషుల ముఖాల సంగతికి వస్తాను. మంచుకొండను ఢీకొని మునిగిపోయిన ఓడ నుంచి ఒక యువ ఉపాధ్యాయుడు, అతని సంరక్షణలోని ఒక అమ్మాయి, ఒక అబ్బాయి రైలు ఎక్కుతారు. ఓడ పేరు కథలో రాదు, కానీ 1912 నాటి టైటానిక్ ప్రమాదమే మియజావా మనసులో ఉన్నదని తేలికగా తెలుస్తుంది. ఈ ముగ్గురినీ చిత్రం పిల్లులుగా కాక మనుషులుగా చూపిస్తుంది. వారి బొమ్మలు మిగిలిన చిత్రమంత అందంగా లేవనే అసంతృప్తి నాకు ఉంది. అయినా ఆ ఎంపిక సరైనదే. అంతవరకు కలలా సాగిన ప్రయాణంలోకి పత్రికల్లో వచ్చిన నిజమైన చావు అడుగుపెడుతుంది, పిల్లుల ముఖాల మాటున మనకున్న దూరం ఒక్కసారిగా తొలగిపోతుంది. పడవలో చోటు కోసం ముందున్న పిల్లలను తోసివేయడానికి చేతులు రాలేదని ఆ ఉపాధ్యాయుడు చెప్పే మాట, కంపనెల్లా చేసిన పనితో కలిపి వినవలసిన మాట.

ఆ అమ్మాయే తేలు కథ చెబుతుంది. చిన్న పురుగులను తిని బతికిన ఒక తేలు, ముంగిసను పోలిన వీజిల్ అనే జంతువొకటి తరమగా పారిపోయి బావిలో పడుతుంది. ఎన్నో ప్రాణాలు తీసిన నేను నా వంతు వచ్చినప్పుడు ఇంతగా పరుగెత్తానే, నా దేహాన్ని దానికి ఇచ్చి ఉంటే అది ఇంకొక రోజు బతికేది కదా అని మునిగిపోతూ వగచి, ఈసారి నా దేహం అందరి నిజమైన సంతోషానికి ఉపయోగపడాలని వేడుకుంటుంది. అప్పుడు అది ఎర్రని జ్వాలగా మారి చీకటికి వెలుగు ఇస్తుంది. వృశ్చిక రాశిలో మనం జ్యేష్ఠ అని పిలుచుకునే ఎర్రని నక్షత్రమే ఆ మంట. ఈ కథ తెలుగువారికి పరాయిగా తోచదు. పావురం కోసం తన దేహాన్ని ఇచ్చిన శిబి చక్రవర్తి జాతక కథను, అంటే బుద్ధుని పూర్వజన్మ కథను, నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు, తేలు కథ వెనుక ఉన్నదీ ఆ బౌద్ధ భావనే. తేడా ఏమిటంటే ఇక్కడ త్యాగం చేసేది చక్రవర్తి కాదు, పారిపోయినందుకు సిగ్గుపడిన ఒక పురుగు. ఆ సిగ్గు వల్లనే ఇది నాకు మరింత దగ్గరగా అనిపిస్తుంది.

స్క్రీన్‌ప్లే రాసిన మినోరు బెత్సుయాకు అసంబద్ధ నాటకాలకు పేరుపొందిన రచయిత. సంభాషణల మధ్య అన్నేసి మౌనాలు ఎందుకున్నాయో ఆ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. హరువోమి హొసోనో ఇచ్చిన ఎలక్ట్రానిక్ సంగీతం కన్నీళ్ల కోసం ప్రయత్నించదు. అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన, మియజావా నేర్చుకున్న ఎస్పరాంటో భాషలో అధ్యాయాల పేర్లు తెర మీద కనిపిస్తాయి, దానివల్ల ఈ లోకం ఏ దేశానికీ చెందకుండా నిలుస్తుంది. జొవాన్నీకి గొంతునిచ్చిన మయూమి తనాకానే తరువాతి కాలంలో ‘వన్ పీస్’ యానిమేషన్ ధారావాహికలో కథానాయకుడు లూఫీకి గొంతునిచ్చారు. లూఫీ అరుపులకు అలవాటుపడిన మన పిల్లలు ఈ మెల్లని గొంతును వినాలని నా కోరిక.

ఇక ముగింపు. అందరి నిజమైన సంతోషం కోసం ఆ తేలులా నూరుసార్లు కాలినా నాకు అభ్యంతరం లేదని జొవాన్నీ అంటాడు. నాకూ అంతేనంటాడు కంపనెల్లా. అయితే నిజమైన సంతోషం అంటే ఏమిటని జొవాన్నీ అడిగినప్పుడు, నాకు తెలియదంటాడు. ఎంత గొప్ప జవాబు! ఆకాశంలోని నల్లని గుంట దగ్గర, అదిగో మా అమ్మ అని కంపనెల్లా చూపిన చోట జొవాన్నీకి తెల్లని మసక మాత్రమే కనిపిస్తుంది. వెనుదిరిగేసరికి సీటు ఖాళీగా ఉంటుంది. కొండ మీద మెలకువ వచ్చి, పాలు తీసుకుని, నది దగ్గరి గుంపులోకి వెళతాడు. కంపనెల్లా తండ్రి చేతిలోని గడియారం చూసి, నీటిలో పడి నలభై అయిదు నిమిషాలయింది, ఇక లాభం లేదంటాడు. ఆ వెంటనే జొవాన్నీని, మీ నాన్న వచ్చాడా, నాకు ఉత్తరం వచ్చిందే, ఇవాళో రేపో రావాలని పలకరిస్తాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఇంకొకరి కొడుకుకు తండ్రి రాకను తెలియజేస్తున్నాడు. ఆయన రోదించడు, ఎవరూ ఓదార్చరు. ఇక్కడ ఒక్క పాట, ఒక్క కౌగిలింత చేర్చినా ఈ సన్నివేశం చెడిపోయేది.

పిల్లలకు చావు గురించి చెప్పకూడదని, చెప్పినా నక్షత్రమయ్యాడని చెప్పి మాట మార్చాలని పెద్దలు అనుకుంటారు. ఈ చిత్రం పిల్లలకు నక్షత్రాలన్నీ చూపిస్తుంది, అయినా చివర నది ఒడ్డుకే తీసుకువస్తుంది. ఇంట్లో తాతయ్యో నాయనమ్మో పోయినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలకు మనం సర్దిచెప్పే జవాబుల కంటే ఈ నిజాయితీ వారికి ఎక్కువ ధైర్యాన్నిస్తుందని నేను నమ్ముతున్నాను. జపాన్‌లో ఈ చిత్రానికి యానిమేషన్ కళకు ఇచ్చే ఒఫుజీ పురస్కారం దక్కింది. అయినా అదే 1985లో యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ స్థాపన జరిగి, ప్రపంచం దృష్టి క్రమంగా అటు మళ్లింది. జిబ్లీ చిత్రాలు నాకూ ప్రియమైనవే, కానీ వాటితో పోల్చి ఇందులో ఉత్సాహం తక్కువని తీర్పు చెప్పడం సరికాదు.

చూడదలచినవారికి రెండు మాటలు. జపనీస్ గొంతులతో, ఉపశీర్షికలతో, రాత్రిపూట, ఫోన్ పక్కన పెట్టి చూడండి. గంటా ముప్పావు మాత్రమే పడుతుంది. పదేళ్లు దాటిన పిల్లలుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యలో విసుగు చెంది లేచిపోతే పోనివ్వండి, కానీ నది ఒడ్డు సన్నివేశం వారికి బరువవుతుందని మీరే ముందుగా ఆపివేయకండి. కంపనెల్లా ఎక్కడికి వెళ్లాడని వారు అడిగితే, మీకు తెలియకపోతే, తెలియదనే చెప్పండి.