బ్రేకౌట్ రూమ్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ బ్రేకౌట్ రూమ్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. తమరు కుశలమే అయి ఉంటారు. నేను మాత్రం ఒక జూమ్ మీటింగు మధ్యలో, జనాన్ని చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి పంపే మీ గదుల్లో, ఏడో నంబరు గదిలో ఉన్నాను. నాతోపాటు ఇంకో ముగ్గురున్నారు. ఉన్నారనే అనుకుంటున్నాను. తెర మీద మూడు నల్లటి డబ్బాలు, వాటిలో మూడు పేర్లు కనిపిస్తున్నాయి. అందులో ఒకటి మనిషి పేరు కాదు, ఫోన్ మోడల్ నంబరు. లోపలికొచ్చి నిమిషంన్నర అయింది, ఇంతవరకూ ఎవరూ నోరు మెదపలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని మీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ పేరు మొదటిసారి విన్నప్పుడు హడలిపోయాను. ఇంగ్లీషులో బ్రేకౌట్ అంటే జైలు నుంచి తప్పించుకుని పారిపోవడం అనే అర్థం కూడా ఉంది. తీరా చూస్తే మీ దగ్గర వ్యవహారం తిరగబడింది. నలభై మంది వెనకాల కెమెరా ఆపుకుని హాయిగా కూర్చున్నవాణ్ణి పట్టుకొచ్చి నలుగురున్న గదిలో పడేస్తారు. దాక్కోవడానికి మూల కూడా ఉండదు. తప్పించుకునే పేరు పెట్టుకుని లోపల వేసేది ప్రపంచంలో మీరొక్కరే అనుకుంటా.

ఆగండి, ఎవరో మాట్లాడుతున్నారు.

"హలో... వినిపిస్తోందా?"

"ఆఁ, వినిపిస్తోందండీ."

"నాకూ వినిపిస్తోంది."

అంతే. అందరికీ అందరూ వినిపిస్తున్నారని తేలాక వినడానికి ఏమీ మిగల్లేదు. కాసేపటికి ఒకావిడ ధైర్యం చేశారు. "ఇంతకీ మనల్ని ఏం చేయమన్నారండీ?"

ప్రశ్న స్లైడ్ మీద ఉంది. స్లైడ్ అందరూ కలిసే మెయిన్ రూమ్‌లో ఉంది. మేం మీ దగ్గర ఉన్నాం. "సవాళ్ల గురించి చర్చించమన్నట్టున్నారు" అన్నారావిడ. "సవాళ్లు కాదండీ, అవకాశాలు" అన్నారు ఇంకొకాయన. ఫోన్ మోడల్ నంబరు గారు మొదటిసారి మ్యూట్ తీసి, "రెండూ అనుకుంటా" అని రాజీ కుదిర్చారు. సవాళ్లూ అవకాశాలూ లేని విషయం భూమ్మీద ఏదీ లేదు గనక, ప్రశ్న ఏదైనా మా జవాబు దానికి సరిపోతుంది. ఆ ధీమాతో పరిచయాలు మొదలుపెట్టాం.

మధ్యలో సాయం కావాలనే బటన్ కూడా నొక్కాం. మీటింగు నడిపే హోస్ట్ గారు అప్పుడు రెండో గదిలో ఉన్నారట. గదులు పది, హోస్ట్ ఒక్కరు. ఆయన ఏ గదిలో ఉంటే ఆ గదివాళ్ల గోడే ఆయనకు వినిపిస్తుంది, మిగతా తొమ్మిదీ ఆయనకు పరలోకం. ఆయన మా గదికి వచ్చిన ముచ్చట కూడా చెప్పాలి. తలుపు చప్పుడు లేకుండా పేరు ప్రత్యక్షం కాగానే, అప్పటిదాకా మళ్లీ పెదవి విప్పని ఫోన్ మోడల్ నంబరు గారు గొంతు సవరించుకుని, "అవునండీ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం" అన్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. హోస్ట్ గారు సంతోషించి, "కానివ్వండి, కానివ్వండి" అంటూ వెళ్లిపోయారు. ప్రశ్న అడుగుదామని నేను మ్యూట్ తీసేలోపే మాయమయ్యారు.

అసలు సంగతికి వచ్చేది గడువు ముగిసే ముందే. ఇది మీ ప్రత్యేకత. జూమ్‌లో హోస్ట్ గదులు మూసేయగానే, వేరే సెట్టింగ్ పెట్టుకుంటే తప్ప, 60 సెకన్ల లెక్క మొదలవుతుంది. ఎనిమిది నిమిషాలు మూగనోము పట్టిన మనుషులు ఆ అంకెలు కనిపించగానే జ్ఞానులైపోతారు. ఆవిడ అప్పుడే చాలా మంచి మాట ఎత్తుకున్నారు. "నా అనుభవంలో చూస్తే, ఇక్కడ అసలు లోపం ఎక్కడుందంటే..." అన్నారు. అక్కడితో సరి. మమ్మల్ని ఎత్తి మెయిన్ రూమ్‌లో పోశారు. ఆ లోపం ఎక్కడుందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ తర్వాతది గ్రూపుల నివేదన. "మా గ్రూపులో చాలా లోతైన చర్చ జరిగింది" అని మొదటి గ్రూపు వారు మొదలుపెట్టారు. రెండో గ్రూపు వారు "మొదటి గ్రూపు చెప్పిన వాటికి అదనంగా" అని మొదలుపెట్టి, మొదటి గ్రూపు చెప్పినవే చెప్పారు. ఏడో గ్రూపు వంతు వచ్చేసరికి కెమెరా ఆన్ చేసి ఉన్న పాపానికి నన్ను నిలబెట్టారు. సవాళ్లూ అవకాశాలూ అన్నాను. తల ఊపారు.

ఉత్తరం ఆ రోజు అక్కడే ఆగిపోయింది. ఇదివరకటి నేనైతే మిమ్మల్ని నాలుగు తిట్టి పోస్టు చేసేవాణ్ణి. కానీ ఈలోగా ఒక దురదృష్టం జరిగింది. నన్నే హోస్ట్‌ని చేశారు.

ఓ శిక్షణ తరగతి చెప్పాల్సి వచ్చింది. మీ యజమాని పాత్రలోకి రాగానే నాకూ బుద్ధి అలాగే తిరిగింది. గంట మాట్లాడేసరికి నా గొంతు నాకే విసుగొచ్చింది. వీళ్లను పది నిమిషాలు ఎక్కడికైనా పంపేస్తే బాగుండుననిపించింది. ఇదీ మిమ్మల్ని పిలవడానికి సాధారణంగా ఉండే విద్యాపరమైన కారణం. 36 మంది, తొమ్మిది గదులు, ఎవరు ఎక్కడో కంప్యూటరే చూసుకుంటుందని ఒక నొక్కు నొక్కాను. "వెళ్లి చర్చించండి" అన్నాను. దేని గురించో చెప్పానా? చెప్పాననే నమ్మకంతోనే ఉన్నాను. అది గుర్తొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. కంగారుగా ప్రశ్నను అన్ని గదులకూ బ్రాడ్‌కాస్ట్ చేశాను. బ్రాడ్‌కాస్ట్ తెర మీదకు వచ్చి నాలుగు క్షణాలు వెలిగి ఆరిపోయే దీపం. "రెండు నిమిషాలే ఉంది" అని చెప్పడానికి పనికొస్తుందేమో గానీ, మూడు భాగాలున్న ప్రశ్నను మోయలేదు.

మెయిన్ రూమ్‌లో నేనొక్కణ్ణే మిగిలాను. రికార్డింగ్ నడుస్తోందన్న సంగతి మర్చిపోయాను. క్లౌడ్‌లో దాచుకునే రికార్డింగ్ మెయిన్ రూమ్‌నే పడుతుంది, మీ గదుల్లోకి తొంగిచూడదు. అందుకని తొమ్మిది గదుల చర్చలో ఒక్క ముక్కా మిగల్లేదు. నేను తల గోక్కుంటూ కూనిరాగం తీసిన పది నిమిషాలు మాత్రం భావితరాల కోసం భద్రంగా ఉన్నాయి.

ఇక గదులు నిలకడగా ఉన్నాయా అంటే కప్పల తక్కెడే. ఒకరి నెట్ పోతుంది, ఒకరు ఆలస్యంగా వస్తారు, ఒకరు ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ చేరి రెండు గదుల్లో ఇద్దరిగా లెక్కకొస్తారు. అందరూ తిరిగొచ్చాక ఒకమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మా గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను."

"అయ్యో, మరి పది నిమిషాలూ ఏం చేశావమ్మా?"

"చర్చించుకున్నాను సార్. మా గ్రూపులో అందరిదీ ఒకే అభిప్రాయం."

ఆ రోజు వచ్చిన తొమ్మిది నివేదనల్లో పనికొచ్చింది ఆ ఒక్కటే.

అది నన్ను గుచ్చింది. తోడెవరూ లేని మనిషి పని చేస్తే, నలుగురున్న గది ఎందుకు మూగబోయింది? మనవాళ్లు ఎప్పుడో అన్నారు, పదిమంది చేతిలో పాము చావదని. దీన్నే మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు తాడు లాగించి కొలిచి, 1913లో ప్రచురించాడు. లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చిందట. 1979లో మనస్తత్వవేత్త బిబ్ లటానే, ఆయన సహచరులు మనుషుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి చూస్తే అక్కడా అదే తేలింది. తాడు లాగడానికే బద్ధకించేవాళ్లం, ప్రశ్నే తెలియని చర్చలో చెమటోడుస్తామా! మీ గదిలో ఎనిమిది మందిని వేస్తే ఇద్దరు మాట్లాడతారు, ఒకరు నవ్వుతారు, ఐదుగురు ఉత్తరాలు రాసుకుంటారు.

అయినా మిమ్మల్ని వదులుకోలేను. దానికి కారణం ప్రేమ కాదు, లెక్క. నలభై మందితో అరగంట చర్చ పెడితే, అందరికీ సమానంగా పంచినా తలకి 45 సెకన్లు. అదీ ఎవరూ దగ్గకుండా ఉంటేనే. నలుగురేసి గదుల్లో పది నిమిషాలిస్తే తలకి రెండున్నర నిమిషాలు. మూడో వంతు సమయంలో మూడు రెట్లకు పైగా మాట. ఈ వరం ఇచ్చింది మీరే. ఆ పది నిమిషాలకు బదులు ఐదే ఇచ్చి, అందులో రెండు పరిచయాలకూ ఒకటి వినిపిస్తోందా అనడానికీ పోగొట్టి, ఆనక పది గ్రూపుల చేత మూడేసి నిమిషాలు అరగంట నివేదనలు చెప్పించిన ఘనత హోస్ట్‌లది. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆడలేక మద్దెల ఓడు అన్నానని మీరు పరువునష్టం దావా వేస్తే నేనే ముందు ఓడిపోతాను.

మీ ముందు తరాల వాళ్లను కూడా కలిశాను, అంటే చదివాను. జూమ్ మీటింగులు లేని రోజుల్లో, 1971లో, టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వవేత్త ఒక ఉపాయం చేశాడు. అక్కడి బడుల్లో వేర్వేరు జాతుల పిల్లల్ని అప్పుడే ఒకచోట కలిపారు. తరగతిలో ఒకటే కొట్లాటలు. ఆయన పిల్లల్ని చిన్న గుంపులు చేసి, పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడి ముక్క వింటే తప్ప పాఠం పూర్తికాదు. ఎవరికీ మూగనోము పట్టే వీల్లేదు, ఎవరినీ తీసిపారేసే వీలూ లేదు. పదేళ్లకు, 1981లో, మేరీల్యాండ్‌లో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన ఇంకా తేలిక దారి చూపాడు. ముందు ఎవరికి వాళ్లు ఆలోచించండి, తర్వాత పక్కవాడితో మాట్లాడండి, ఆ తర్వాతే అందరికీ చెప్పండి అన్నాడు. ఆ మొదటి మెట్టు మాకు సోమరితనంలా కనిపించి ఎత్తేశాం. ఒంటరి గదిలో ఆ అమ్మాయి చేసింది తెలియకుండా అదే.

అందుకని కిందటి వారం కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. గదులు తెరవకముందే ప్రశ్నను ఒక షేర్డ్ డాక్యుమెంట్‌లో పెట్టాను. గదికొక పేజీ, పేజీ పైన ప్రశ్న, కింద మూడు ఖాళీ గీతలు. లింక్ చాట్‌లో వేసి, అందరూ తెరిచారని తేలేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. "చర్చించండి" అనే మాటను పూర్తిగా మానేశాను. అది పని కాదు, ఆశీర్వచనం. "ఈ మూడింట్లో దేన్ని తీసేస్తారో తేల్చి, ఎందుకో రెండు వాక్యాలు రాయండి" అన్నాను. రెండు నిమిషాలు మెయిన్ రూమ్‌లోనే మౌనంగా ఎవరికి వాళ్లను రాసుకోనిచ్చాను. ఆ రెండు నిమిషాలూ నాకు రెండు యుగాలు. మాట్లాడకుండా ఉండటం చేతకాకే కదా పాఠాలు చెప్పే పనిలోకి వచ్చింది. తర్వాత గదికి ముగ్గురు, పన్నెండు నిమిషాలు. మాట్లాడేది ఎవరు, రాసేది ఎవరు అని నువ్వంటే నువ్వు అనుకోకుండా, పేర్ల అక్షరక్రమంలో మొదటివాళ్లు రాయాలి, చివరివాళ్లు చెప్పాలి అని ముందే తేల్చేశాను. నివేదనలు కూడా ఎత్తేశాను. పేజీలు అందరి ముందూ ఉన్నాయి కదా, ఒకరిది ఒకరు చదువుకుంటారు. తేడాగా రాసిన రెండు గ్రూపులను మాత్రం పిలిచి నిలదీస్తే చాలు.

ప్రస్తుతం ఆ పద్ధతిలోనే ఇంకో తరగతి నడుస్తోంది. మీ గదిలో మొదలుపెట్టిన ఈ ఉత్తరాన్ని మెయిన్ రూమ్‌లో కూర్చుని ముగిస్తున్నాను. డాక్యుమెంట్‌లో పన్నెండు పేజీల మీద పన్నెండు కర్సర్లు పరిగెడుతున్నాయి. ఐదో గదివాళ్లు ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాశారు. అంటే లోపల ఎవరో ఎవరితోనో కాదన్నారన్నమాట. వెళ్లి చూద్దామా అని చెయ్యి లాగుతోంది. వెళ్తే ఎవరో ఒకరు "అవునండీ, మీరు చెప్పింది నిజం" అంటారని భయపడి ఆగాను. ఇవాళ రికార్డింగ్ ఆపేశాను, కూనిరాగానికి కూడా సాక్ష్యం ఉండదు.

తొమ్మిది నిమిషాలు దాటింది. సాయం కావాలని ఒక్కరూ బటన్ నొక్కలేదు. నొక్కకూడదనే ఇదంతా చేశాను గానీ, కాస్త బాధగానే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒకప్పటి ఏడో నంబరు గది ఖైదీ, ఇప్పటి జైలరు

తా.క.: ఆ ఒంటరి గది అమ్మాయి ఇవాళ్టి తరగతికి ముందే ప్రైవేటుగా మెసేజ్ పెట్టింది. "సార్, వీలైతే నన్ను ఈసారి కూడా ఒక్కదాన్నే వేస్తారా? పోయినసారి టీమ్ చాలా బాగుంది."