రెండు కొండలు, మధ్యలో నేను

ఆత్మ దొరుకుతోంది. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఏదో ఒక కేఫ్ మేడ మీద, మనశ్శాంతి కోసం బొమ్మలేయించే వర్క్‌షాపులో. వెయ్యో పదిహేను వందలో కడితే కాన్వాసు, రంగులు, ఏప్రాన్, ఒక కాపుచినో, మనల్ని మనకి పరిచయం చేసే మేడమ్ గారు, అన్నీ వాళ్లవే. జీఎస్టీ మాత్రం మనది. 1896లో మధురైలో ఒక పదహారేళ్ల కుర్రాడు ఇంట్లో నేల మీద పడుకుని, ఊపిరి బిగబట్టి, ఈ ఒళ్లు పోతే మిగిలేదెవరని తనని తానే అడిగి చూసుకుని, తర్వాత రమణ మహర్షి అయ్యాడు. ఒక్క బ్రష్షు లేదు, పార్కింగ్ లేదు, ఫొటో తీసేవాడు కూడా పక్కన లేడు. కానీ ఆ పద్ధతిలో రిస్కు ఎక్కువ. కొన్ని వారాల్లోనే ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. మళ్లీ సోమవారం ఆఫీసు స్టాండప్ కాల్‌కి హాజరవుతామన్న గ్యారంటీ ఉండదు. మన పద్ధతిలో అయితే ఆరింటికి ఆత్మసాక్షాత్కారం, ఏడింటికి బిర్యానీ. అందుకని ఈ మార్గాన్ని ఎగతాళి చేసేవాళ్లని ముందుగా ఖండిస్తున్నాను.

అక్కడ మొదట కళ్లు మూయిస్తారు. స్పీకర్లో వేణువు. "ఇక్కడ తప్పొప్పుల్లేవు, జడ్జ్‌మెంట్ లేదు, చేతికి ఏమొస్తే అది వేయండి, మీ లోపలున్న చిన్నపిల్లని బయటికి రానివ్వండి" అంటారు మేడమ్ గారు. టీమ్ లీడ్లు, డెంటిస్టులు, సంబంధం కుదరనివాళ్లు, కుదిరి బాధపడుతున్నవాళ్లు అందరూ కళ్లు తెరిచి బ్రష్షు పడతారు. లోపలి పిల్ల బయటికొస్తుంది. వచ్చి ఏం గీస్తుంది? రెండు కొండలు. వాటి మధ్య సగం సూర్యుడు, చుట్టూ చీపురుపుల్లల్లాంటి కిరణాలు. కొండల్లోంచి ఒక ఏరు, ఏటి ఒడ్డున పెంకుటిల్లు, ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు టిక్కు మార్కులు, అవి పక్షులన్నమాట. శ్రీకాకుళం ఆవిడదీ ఇదే బొమ్మ, ఆదిలాబాద్ ఆయనదీ ఇదే, డల్లాస్ నుంచి సెలవుకొచ్చి మరదలి బలవంతం మీద కూర్చున్న బావగారిదీ ఇదే. ఆదిలాబాద్‌లో అంత కొబ్బరిచెట్టు ఎక్కడిదండీ అని అడక్కూడదు, జడ్జ్‌మెంట్ లేదన్నారు కదా. అందరిలో ఉన్న ఆత్మ ఒక్కటేనని అద్వైతులు ఎన్ని శతాబ్దాలు వాదించినా ఒప్పుకోనివాళ్లు మిగిలారు. ఇప్పుడు పన్నెండు కాన్వాసులు వరసగా గోడకి ఆనించి పెడితే ఇక వాదించేదేముంది?

తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని షేరింగ్. ఇంటికి తలుపు పెట్టనాయన ఇక్కడ దొరికిపోతాడు. "తలుపు లేదు చూశారా, మీరు ఎవర్నీ మనసులోకి రానివ్వరు." నిజానికి బ్రష్షు లావుదై తలుపుకి చోటు చాల్లేదు, కానీ ఆ మాట అంటే అది డిఫెన్స్ మెకానిజం కింద రాసుకుంటారు. ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మలు గీయించి మనసు చదివే పరీక్ష ఒకటుంది, జాన్ బక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1948లో బయటికి తెచ్చాడు. దానికి శిక్షణ కావాలి, బొమ్మ అయ్యాక గీసినవాణ్ని కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలడగాలి, ఇంతా చేశాక దాన్ని నమ్మొచ్చా లేదా అని సైకాలజిస్టులే ఒక మాట మీద లేరు. మేడమ్ గారికి అంత తీరిక ఎక్కడిది, ఆరున్నరకి ఇంకో బ్యాచ్.

ఒక్క మాట మాత్రం ఎకసెక్కం లేకుండా చెప్తాను. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1938లో క్షయ వచ్చి శానటోరియంలో చేరి, మంచం మీద బొమ్మలేసుకుంటూ కోలుకున్నాడు. తర్వాత తోటి రోగుల చేత వేయించాడు, యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల చేతా వేయించాడు. 1942లో ఆర్ట్ థెరపీ అనే పేరు పెట్టింది ఆయనే. ఇవాళ్టికీ నోరు తెరిచి చెప్పుకోలేని పిల్లలు, పెద్దవాళ్లు కూడా, ఆ పని నేర్చుకున్నవాళ్ల ఎదుట కూర్చుని రంగులతో చెప్పుకుంటున్నారు. అది వైద్యం. ఆ గదిలో ఎవరూ రీల్ తీయరు.

ఇక మన కేఫ్‌కి వద్దాం. సైన్సు కూడా మన వైపే ఉంది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు, మట్టిముద్దలు చేయించి చూస్తే, ముప్పావు వంతు మందిలో టెన్షన్ హార్మోన్ కార్టిసాల్ తగ్గిందట. బొమ్మలు ముందే వచ్చా, అసలు రావా అన్నదానితో చెప్పుకోదగ్గ తేడా లేదట. మిగతా పావు వంతు సంగతేమిటంటారా, వాళ్లు పక్కవాళ్ల కాన్వాసులోకి తొంగిచూసి ఉంటారని నా సిద్ధాంతం. మనవాళ్ల కార్టిసాల్‌ని సాయంత్రం ఆరింటికి కాదు, రాత్రి పదింటికి కొలవాలి. జడ్జ్‌మెంట్ లేని కళని ఇన్‌స్టాలో పెట్టి, అందరికీ నచ్చింది కానీ ఆడపడుచు చూసి కూడా లైకు కొట్టలేదని కనిపెట్టాక.

బొమ్మలు బొత్తిగా రానివాళ్లకి మండల ఉంది, అంటే వృత్తంలో అల్లిన డిజైను. ఆ పేరుతో పాటు కార్ల్ యుంగ్ పేరు కూడా చెప్తారు, వింటే ఫీజు గిట్టుబాటైనట్టు అనిపిస్తుంది. నిజమే, ఆ స్విస్ మనోవైద్యుడు 1918-19 ప్రాంతంలో బ్రిటిష్ సైనికులని ఉంచిన శిబిరానికి అధికారిగా ఉంటూ రోజూ పొద్దున్నే నోటుపుస్తకంలో ఒక చిన్న వృత్తం గీసి, అందులో ఆ రోజు తన మనసెలా ఉందో చూసుకునేవాడు. ఆయన ఖాళీ కాగితం మీద గీశాడు. మనకి ప్రింటు చేసి ఇస్తారు, గీత దాటకుండా రంగు నింపితే చాలు, ఆ గీతల మధ్యే మన స్వేచ్ఛ. అసలు బాధేమిటంటే, యుంగ్ 1937 డిసెంబరులో మన దేశం వచ్చాడు. సరిగ్గా ధనుర్మాసం! తిరువణ్ణామలై వెళ్లి రమణుల్ని చూడకుండా తిరిగెళ్లాడు, అది ఎలాగూ అందరూ చెప్పుకునేదే. కనీసం ఏ తెనాలిలోనో తెల్లవారుజామున ఒక వీధి నడిచుంటే సరిపోయేది. కళ్లాపి చల్లిన వాకిట్లో 15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క. పొద్దెక్కేసరికి దాని మీంచి సైకిళ్లు, ఎడ్లబండ్లు. ముగ్గేసినావిడని నీకేమనిపించిందమ్మా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. జడ్జ్‌మెంట్ మాత్రం పుష్కలంగా ఉండేది: "వదినా, నాలుగో వరసలో చుక్క తప్పినట్టుంది."

ఈ మధ్య కలంకారీ వర్క్‌షాపులు కూడా మొదలయ్యాయి, రెండు గంటల్లో మనశ్శాంతి, పైగా సంచీ ఇంటికి. శ్రీకాళహస్తిలో ఆ పని చేసేవాళ్లు గుడ్డని కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరబెడతారు. చింతపుల్లల బొగ్గుతో గీత గీస్తారు. నల్లరంగు కోసం బెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. పటిక రాయాలి, ఉడకబెట్టాలి, పారే నీళ్లలో ఉతకాలి, మళ్లీ రాయాలి, ఒక్కో రంగుకీ ఇదే వరస. ఇంత చేస్తూ ఆ కళాకారుడు తన లోపలి పిల్లని ఎన్నిసార్లు కలుసుకున్నాడో మనం అడగం. ఆయన కలుసుకోవాల్సింది బాకీ ఉన్న షాపు ఓనర్ని. గుడ్డ పటాల మీద కథలు బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీలదీ అదే కథ. పటానికి ఎర్రటి నేపథ్యం వేస్తారు, ఇవాళ మూడ్ బాలేదని బూడిదరంగు వేస్తే ఆర్డరిచ్చినవాడు తీసుకోడు. వీళ్లని కేఫ్‌కి పిలిచి నేర్పించమంటారు కానీ, అక్కడ మాట్లాడేది మేడమ్ గారే. ఈయన రంగులు కలుపుతారు.

ఇంతమంది తమని తాము ఎక్కడ పోగొట్టుకున్నారని ఆరా తీస్తే, ఎక్కువ కేసుల్లో ఆచూకీ ఒకటే: ఆరో తరగతి, డ్రాయింగ్ పీరియడ్. టైమ్‌టేబుల్లో వారానికొకటి ఉండేది. సిలబస్ కాలేదని లెక్కల సారు తీసుకునేవారు, ఆయన సెలవైతే సైన్సు టీచర్ తీసుకునేవారు. రఫ్ నోట్సు వెనక బొమ్మ కనబడితే నాన్న "ఇది అన్నం పెడుతుందా?" అనేవారు. పెడుతోంది, వర్క్‌షాపు పెట్టినవాళ్లకి.

కాబట్టి రెండు ప్రభుత్వాలకీ నా విన్నపం, దయచేసి డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల సారు దగ్గర్నుంచి వెనక్కి తీసుకోకండి, దాని మీద పెద్ద పరిశ్రమే ఆధారపడి ఉంది. కేఫ్ యజమానులకి ఒక ఐడియా: కింది అంతస్తు ఏదైనా కోచింగ్ సెంటర్‌కి అద్దెకివ్వండి. అమ్మ పైన లోపలి పిల్లని వెతుక్కునే ఆ రెండు గంటలూ బయటి పిల్ల కింద ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో కూర్చుంటుంది. ఇద్దరికీ కలిపి ఫీజు కడితే పది శాతం తగ్గించండి.